ఒకటి లేచాక ఇంకొకటి

విరుదునగర్ పాత బస్టాండు వెనక, పప్పు మిల్లుల వీధి మొదట్లో ప్రభాకరన్ పెట్టిన కంప్యూటర్ అంగడి ఉండేది. అంగడి అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక మిషను, ఒక ప్రింటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, బయట అరుగు మీద ఒక చెక్క బల్ల, అంతే. పరీక్షల ఫలితాలు చూసివ్వడం, రైలు టికెట్లు తీసివ్వడం, తమిళంలో అర్జీలు టైపు చేసివ్వడం అక్కడి పనులు. ప్రభాకరన్ కన్నుమూసి మాసికాలు ఇంకా పూర్తి కాకముందే ఆ అంగడి తాళంచెవి అతని భార్య జోతిలక్ష్మి కొంగు ముడిలోకి వచ్చింది.

జోతిలక్ష్మిది కోవిల్‌పట్టి. తల్లి సెల్లత్తాయి అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పేర్చే పని చేసేది. పుల్లల మందు వాసన వేళ్ళకు అంటుకుని ఇంటికి వచ్చే ఇల్లు అది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుందంటే మొగుడు పట్టుబట్టి నేర్పించబట్టే. మౌసు పట్టుకోవడానికి జంకితే, ఆమె చేతి మీద తన చేయి పెట్టి, "ఇది ఎలక కాదు, కరవదు" అని నవ్వించిన మనిషి అతను. ఆ నేర్పినవాడు పోయినా, నేర్చుకున్న పని ఆమెకు కూడు పెడుతోంది. దేవుడు ఒక చేత్తో తీసుకున్నప్పుడు ఇంకో చేతిలో ఏదో ఒకటి మిగిల్చి పోతాడని ఆ వీధిలో పెద్దవాళ్ళు ఆమెకు చెప్పేవారు. ఆమె తల ఊపేది గాని, నమ్మిందో లేదో ఎవరికీ తెలియదు.

పొద్దున్నే అంగడి షట్టరు ఎత్తేది మాత్రం మామ తిరుపతిసామి. పప్పు మిల్లులో మోటార్లు నడిపి నడిపి ముసలివాడైన మనిషి. ఆ షట్టరు తుప్పు పట్టి బరువుగా ఉంటుందని, కోడలు ఎత్తితే నడుము పట్టేస్తుందని, ఆమె వచ్చేసరికే వచ్చి ఎత్తి ఉంచేవాడు. బల్ల తుడిచి, గోడ మీది పెరుమాళ్ళు పటానికి తులసి పెట్టి, ఊదుబత్తి వెలిగించేవాడు. కోడలు మిషను బొత్తాం నొక్కేది. ఆయన అప్పుడే వెళ్ళేవాడు కాదు. తువ్వాలు భుజం మీద సర్దుకుంటూ, ఏదో మరిచిపోయినవాడిలా తలుపు దగ్గరే నిలబడేవాడు. ఆ నిలబడటం దేనికో ఇద్దరికీ తెలుసు.

మిషను తెరుచుకోగానే ప్రభాకరన్ మాట్లాడేవాడు.

బతికుండగా ఒకసారి కొత్త మైకు కొని, అది పనిచేస్తుందో లేదో చూడటానికి తన గొంతు తానే రికార్డు చేసుకున్నాడు. పొద్దున మిషను తెరవగానే అదంతట అదే మోగేలా పెట్టాడు. ఆ మాటలు తెలుగులో ఉన్నాయి. విరుదునగర్ వీధుల్లో వాళ్ళ తెలుగు ఎవరికి కావాలి? ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, అదే అక్కడి మనుషుల నడక. జోతిలక్ష్మి అప్పుడు అడిగింది కూడా.

"అంగట్లో మన బాస ఏంటికి? వొచ్చేవాళ్ళకి అర్థము కాదే."

"వాళ్ళకి గాదే, నాకు. నాయన మిల్లులో మోటారుకు దండము పెట్టి, తెలుగులోనే గదా దాన్ని లేపేది? నా మోటారు ఇది."

అలా ఆ గొంతు ఆ పెట్టెలో ఉండిపోయింది. మనిషి పోయాక అదే మిగిలింది.

అయితే అది సరిగా వినపడేది కాదు. ప్రభాకరన్‌కు ఒక అలవాటు ఉండేది. ఏ ప్రోగ్రాము దొరికినా మిషనులోకి ఎక్కించేవాడు, ఎక్కించినదల్లా తెరవగానే లేచేలా పెట్టేవాడు. వైరస్ కాపలాది, ప్రింటరుది, స్కానరుది, ఇంటర్నెట్‌ది, తమిళం టైపు చేసేది, తెర మీద గడియారం, పొద్దుటి పెరుమాళ్ళు పాట, వీటన్నిటి మధ్యన అతని గొంతు. బొత్తాం నొక్కగానే అన్నీ ఒకేసారి లేవబోయి, సందులో దూరబోయే మేకల మందలా ఒకదాని మీద ఒకటి పడేవి. తెర నీలంగా నిలిచిపోయేది. లోపల ఏదో కరకరమని గీరుకునేది. అందులోంచి ప్రభాకరన్ గొంతు "ర... ర... రండి..." అని తెగి, మళ్ళీ "మి... మి..." అని తెగి, చిక్కుకున్న దారంలా వచ్చేది. ఎవరైనా అరుగు మీద ఎదురుచూస్తుంటే జోతిలక్ష్మి ఇక ఆగలేక తెర మీద ఆ గొంతు మోగే కిటికీని మూసేసేది. మూసినప్పుడల్లా మామ ముఖం వైపు చూసేది కాదు. ఆయన "పొయ్యొస్తానమ్మా" అని మారియమ్మ గుడి వైపు నడిచిపోయేవాడు.

ఆ ఎండాకాలం కరెంటు కోతలు మొదలయ్యాయి. పొద్దున ఒకసారి తీసేవారు, మధ్యాహ్నం ఇంకోసారి. వాటి మధ్య చెప్పకుండా పోయేది వేరే. మిషను కింద బ్యాటరీ పెట్టె ఉండేది గాని, దాని ప్రాణం ఎప్పుడో పోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మిషను మళ్ళీ మొదటినుంచి లేవాలి. అది లేచేలోగా వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వీధి చివర కొత్తగా పెట్టిన అంగడి వైపు నడిచేవారు.

"మా అవ్వ మోకాళ్ళ నొప్పితో లేస్తుంది గదా అక్కా, అదైనా మీ మిషను కంటే ముందే లేస్తుంది" అని ఒక కాలేజీ పిల్ల తమిళంలో అంది. చెడ్డ మనసుతో అనలేదు. వెళ్ళేటప్పుడు, "రేపు వస్తాలే అక్కా" అని కూడా అంది. మర్నాడు ఆ పిల్ల వీధి చివరి అంగట్లోంచి కాగితాలు పట్టుకుని వస్తూ, జోతిలక్ష్మి కంట పడకూడదని తల వంచుకుని పోయింది.

కోవిల్‌పట్టి నుంచి సెల్లత్తాయి వచ్చి కూతురి పక్కన కూర్చుని చెప్పింది. "ఆ పెట్టెను ఎవురికైనా ఇచ్చేసి దామ్మా. నా పక్కనే కూచోని పుల్లలు పేరుస్తువు గాని. ఒంటి ఆడది అంగడిలో ఎన్నాళ్ళు కూచుంటావు?"

"నేను వొస్తే మామ ఒంటిగా ఉండాలి."

"ఆయన్నీ తెచ్చుకో."

"ఆయన ఈ వీధి ఇడిసి రాడమ్మా" అంది జోతిలక్ష్మి. వీధి అని అంది గాని, ఆయన విడిచి రానిది ఏమిటో ఆమెకు తెలుసు.

చివరికి ఆనందరాజ్‌కు కబురు చేసింది. ప్రభాకరన్‌తో పాటు కోవిల్‌పట్టిలో కంప్యూటర్ కోర్సు చదివిన స్నేహితుడు. వాళ్ళదీ తెలుగు ఇల్లే, చర్చికి పోయే కుటుంబం. రిపేరు పనులు చేసుకుంటూ అక్కడే ఉన్నాడు. ఆదివారం ప్రార్థన ముగించుకుని, పాసింజరు బండి ఎక్కి, సంచిలో స్క్రూడ్రైవర్లతో పాటు మామకు మెత్తటి అరటిపళ్ళు పెట్టుకుని వచ్చాడు. ఆయనకు పళ్ళు కదులుతున్నాయన్న సంగతి ఎప్పుడో విన్నది, మరిచిపోలేదు.

మిషను తెరిచి, అది లేచే తంతు అంతా చూసి, ఊపిరి వదిలాడు.

"సెల్లెలా, దీనికి రోగమేమీ లేదు. మోసే బరువు ఎక్కువై పోయుండాది. అంతా తుడిచి మళ్ళా ఎక్కిస్తే గుర్రము మాదిరి పరిగెత్తుతాది. తమిళ టైపుది సీడీ ఉండాదా? స్కానరుది?"

"ఏ సీడీ యాడ పెట్టినాడో ఆయనకే తెలుసు అన్నా."

"అవి లేకుంటే తుడిస్తే మళ్ళా రావు." ఆనందరాజ్ గడ్డం గోక్కున్నాడు. "సరే, తుడవద్దు. అక్కరలేనివి లేవకుండా తీసేద్దాము. సెప్పు, ఏది తీసేది?"

ఒక్కొక్కటే చూశారు. వైరస్ కాపలాది తీయడానికి వీల్లేదు. ప్రింటరుది కావాలి. తమిళ టైపు లేకపోతే అర్జీలే లేవు. అన్నీ కావలసినవే అయ్యాయి. చివరికి ఆనందరాజ్ వేలు ఒకచోట ఆగింది. అతను గొంతు తగ్గించాడు.

"ఇది... ప్రబాకరన్‌ది. ఇది తీసి వేరేగా పెడతాను. యాడికీ పోదు. నీకు వినాలని ఉన్నప్పుడు పెట్టుకొని విను."

జోతిలక్ష్మి మౌసును అతనికి అందకుండా పక్కకు జరిపింది. "నేను పెట్టితే అది నేను పెట్టినట్టు అన్నా" అంది. "ఇప్పుడైతే ఆయనే మాట్లాడతాడు."

ఆనందరాజ్ చేతిలోని స్క్రూడ్రైవరును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

బయట బల్ల మీద అరటిపండు తొక్క తీస్తున్న తిరుపతిసామి అంతా విన్నాడు. "అబ్బయా" అని పిలిచాడు. "అన్నీ ఒకేసారి లేస్తుండాయనా?"

"అవును మామా."

"మా మిల్లులో అట్ల లేపినామంటే పీజు ఎగిరిపోతాది. వీదికంతా కరెంటు పోయి, మిల్లు పెట్టిన మొదలాళి పంచె ఎగగట్టుకొని ఉరికొస్తాడు. పెద్ద మోటారు ముందు లేపాల. అది గుర్రుగుర్రుమని, మోత కుదురుకొని, బిడ్డ నిదరపోయినట్టు సమముగా ఊపిరి తీస్తాది సూడు, అప్పుడు జల్లెడ లేపాల. జల్లెడ కుదురుకున్నాక గాలిది. ఒకటి లేసినాక ఇంగొకటి. అట్ల ఒక్కటిని కూడా తీయకుండానే మిల్లంతా నడిపినాము."

ఆనందరాజ్ ముఖంలో నవ్వు వచ్చింది. "అదొక దోవ ఉండాది మామా. నాకు తోచలేదు సూడు. తీసే మాటే తలలో తిరుగుతా ఉండాది." మిషను వైపు తిరిగి జోతిలక్ష్మిని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. "నువ్వే కొట్టు సెల్లెలా. నేను సెప్తాను. రేపు నేను లేకున్నా నువ్వే మార్చుకుంటువు."

పని తెలిశాక తేలికే. తెరవగానే లేచేవాటిని అన్నింటినీ ఆ చోటునుంచి తీసేసి, వాటి బదులు ఒకే ఒక చిన్న ఫైలు పెట్టడం. ఆ ఫైలులో మామూలు అక్షరాలే. ఫలానాది లేపు అని ఒక పంక్తి, ఇంతసేపు ఆగు అని దాని కింద ఇంకో పంక్తి, మళ్ళీ ఫలానాది లేపు. మిషను దాన్ని పైనుంచి కిందకు చదువుకుంటూ, చెప్పినట్టు లేపుతూ, చెప్పినచోట ఆగుతూ పోతుంది. జోతిలక్ష్మి ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టింది. ముసలాయన వచ్చి వెనక నిలబడి, చదవడం రాకపోయినా, పంక్తుల మధ్య ఖాళీలు చూసి తల ఊపాడు.

"మొదట ఏది లేవాల?" అని అడిగాడు ఆనందరాజ్.

"ఆయనే" అంది జోతిలక్ష్మి, అడిగిందే తడవుగా.

మర్నాడు పొద్దున మామ షట్టరు ఎత్తాడు. తులసి పెట్టి తలుపు దగ్గర నిలబడ్డాడు. కోడలు బొత్తాం నొక్కింది. తెర వెలిగింది. దాని మీద ఇంకేదీ లేవలేదు, ఏదీ గీరుకోలేదు. ఆ నిశ్శబ్దంలో ప్రభాకరన్ ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడాడు.

"రండి సామీ, రండి. మిషను లేసింది, మనమూ లేద్దాము."

ఒక్క మాట కూడా తెగలేదు. సామీ అన్నప్పుడు అతని గొంతులో ఉండే చిన్న నవ్వు సహా వినపడింది. జోతిలక్ష్మి చేతులు జోడించుకుంది, ఎవరికో తెలియకుండానే. అది అయిపోయిందనుకుంది. అవలేదు. ఇన్నాళ్ళూ ఆ కరకరలో మునిగిపోయో, ఆమె మూసేసో వినపడనిది ఇంకా కొంచెం మిగిలి ఉంది. పొడి దగ్గు ఒకటి వినపడింది. తరవాత మైకు ఆపడం మరిచిపోయిన మనిషి, తల పక్కకు తిప్పి, ఇంట్లో మాట్లాడినట్టు అన్నాడు.

"జోతీ, కొంచెము నీళ్ళు తే."

అంతే. తరవాత పెరుమాళ్ళు పాట లేచింది.

అది రికార్డు చేసిన రోజు తాను నీళ్ళు ఇచ్చిందో లేదో జోతిలక్ష్మికి ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఇచ్చే ఉంటుంది. ఇవ్వకుండా ఎందుకుంటుంది? కాని గుర్తు రాలేదు. ఆ ఆలోచనలోంచి తేరుకుని తలుపు వైపు చూస్తే, మామ తలుపు చట్రం పట్టుకుని నేల మీద కూర్చుండిపోయి ఉన్నాడు.

ఆయనది వేరే గాయం. మదురై ఆసుపత్రిలో ప్రభాకరన్ పేగుకు ఆపరేషను చేసినప్పుడు, నోట్లో చుక్క నీరు పొయ్యకూడదని డాక్టర్లు చెప్పారు. చెప్పింది న్యాయమే. పక్కన కాపలా ఉన్నది తండ్రి. కొడుకు పెదాలు ఎండిపోయి, "నాయనా, నీళ్ళు" అని అడుగుతూనే ఉన్నాడు. తండ్రి తడిగుడ్డతో పెదాలు తుడిచి, "పొద్దున తాగుదువు గాని సామీ, పొద్దున" అని సముదాయిస్తూనే ఉన్నాడు. పొద్దున అయింది గాని, తాగడానికి మనిషి లేడు. పోయేవాడి నోట్లో ఆఖరికి పొయ్యవలసిన నీళ్ళు కూడా, ప్రాణం పోతోందని తెలిసేసరికే ఆలస్యమైపోయి, మూసుకున్న పెదాల పక్కనుంచి జారిపోయాయి. ఆ సంగతి ఆయన ఒక్క కోడలికే చెప్పాడు, అదీ ఒక్కసారే.

తెగిపోయిన గొంతును ఆయన ఇన్నాళ్ళూ భరించాడు. తెగకుండా వచ్చిన గొంతును భరించలేకపోయాడు.

మర్నాడు షట్టరు ఎత్తి, కోడలు బొత్తాం నొక్కకముందే వెళ్ళిపోయాడు. ఆ వారమంతా అంతే. తరవాత షట్టరు ఎత్తడానికీ రాలేదు. గుడికి పోలేదు. ఇంటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ముద్ద కలిపి పెడితే తినేవాడు, నీళ్ళ చెంబు ముందు పెడితే దాన్ని చూస్తూ ఉండేవాడు. పక్క టీ అంగడి రంగనాథన్ అది గమనించి, పాలు కాచే పని మధ్యలో ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి షట్టరు ఎత్తిపోయేవాడు. "తాత ఒళ్ళు కుదుటపడేదాకా నేనున్నాలే" అనేవాడు. కుదుటపడుతుందా అని ఎవరూ అడగలేదు.

మిషను మాత్రం బాగుపడింది. కరెంటు పోయి వచ్చినా ఒకదాని వెనక ఒకటి లేచి, వచ్చినవాళ్ళు చెమట తుడుచుకునేలోగా పనికి సిద్ధమయ్యేది. కాలేజీ పిల్ల మళ్ళీ వచ్చింది. మనుషులు మళ్ళీ అరుగెక్కారు. దీనికోసం ఇంత పాటుపడి, మామను వసారాలో కూలేశానే అని జోతిలక్ష్మి పెరుమాళ్ళు పటం వైపు చూసేది. ఆ తులసి ఇప్పుడు ఆమే పెడుతోంది.

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన పొద్దున అంగడి నిండా జనం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, కాసేపటికి వచ్చింది. అందరూ తెర మీదకు వంగారు. ప్రభాకరన్ మొదటగా లేచి, రండి సామీ రండి అన్నాడు.

"ఎవరక్కా ఇది? ఏ భాష? ముందు రిజల్టు చూడనీండి!" అని వెనకనుంచి ఒకడు తమిళంలో విసుక్కున్నాడు. ఇంకెవరో నవ్వారు. జోతిలక్ష్మి చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు తనకు తగలాలి గాని పోయిన మనిషికి తగలకూడదు.

ఆ మధ్యాహ్నం అంగడి ఖాళీ అయ్యాక ఆమె ఆ చిన్న ఫైలు తెరిచింది. పై పంక్తిని తీసి, అన్నింటి కింద అతికించింది. తీసేటప్పుడు వేలు ఆగింది. తరవాత మారియమ్మ గుడి తిరునాళ్ళలో, పంగుణి పొంగల్ నాటి అన్నదానం గుర్తొచ్చింది. పంక్తిలో అందరికీ వడ్డించి, ఆకులన్నీ ఎత్తాక, చివర ఒక్కడే కూర్చుని తినేవాడు ప్రభాకరన్. సాంబారు అడుగంటి ఉండేది. అదే రుచిగా ఉంటుందని అనేవాడు. ఆయనకు ఇది చిన్నతనం కాదులే అని తనకు తాను చెప్పుకుని సేవ్ కొట్టింది.

ఆ మార్పు చేసిన కొన్నాళ్ళకు నరికుడి వైపు పల్లెనుంచి మూక్కమ్మాళ్ అనే ముసలామె వచ్చింది. వృద్ధాప్య పింఛను అర్జీ టైపు చేయించుకోవాలి. పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరిన మనిషి. తమిళంలోనే మాట్లాడింది. కరెంటు లేదు, కాసేపు ఆగమ్మా అంటే, కుర్చీ వద్దని గడపలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎండకు కాలిన పాదాలు, చేతిలో పాత ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు.

కరెంటు వచ్చింది. జోతిలక్ష్మి బొత్తాం నొక్కింది. వైరస్ కాపలాది లేచింది, ఇంటర్నెట్ లేచింది, తమిళ టైపు లేచింది. ఆమె అర్జీ కొట్టడం మొదలుపెట్టింది. ఇంకో ఇద్దరు ప్రింటు కోసం వచ్చి నిలబడ్డారు. ప్రింటరు లేచింది, పాట లేచింది. అన్నింటి చివర, ఆ సందడిలో ఎవరూ పట్టించుకోని వేళ, ప్రభాకరన్ గొంతు వచ్చి, దగ్గి, నీళ్ళడిగి ఆగిపోయింది. జోతిలక్ష్మి తల ఎత్తలేదు. కొట్టడం ఆపలేదు.

"ఏమ్మే!"

ముసలామె గద్దింపుకు చేతులు ఆగిపోయాయి. ఆ మాట తెలుగులో ఉంది.

"లోపల ఎవురో దాహమంటుండాడే, వినబడినా వినబడనట్టు కూచుండావే? ఎట్టాంటి బిడ్డవే నువ్వు? పెనిమిటా?"

"మీరు మనోళ్ళా అవ్వా?"

"మనోళ్ళయితే ఏమి, ఎవురయితే ఏమి. ముందు నీళ్ళియ్యి పో."

జోతిలక్ష్మి నోరు తెరిచింది. లోపల గది లేదని, గోడేనని, ఆ మాట్లాడింది పెట్టె అని, ఆ మనిషి లేడని చెప్పింది. అంతటితో ఆగవలసింది. కాని ఇంటి భాషలో ఎవరైనా గద్దించి చాలా రోజులైంది. ప్రింటు కోసం నిలబడ్డవాళ్ళకు అర్థం కాని ఆ భాషలో మదురై ఆసుపత్రి, తడిగుడ్డ, వసారాలో కూర్చున్న మామ, అన్నీ బయటికి వచ్చేశాయి. కళ్ళు తుడుచుకోవడానికి కొంగు ముడి అడ్డం వచ్చింది.

మూక్కమ్మాళ్ విన్నంతసేపూ తన సీసా మూత తిప్పుతూ ఉంది.

"సచ్చిపోయినాడు సరే. దాహమూ సచ్చిపోయిందా?" అంది చివరికి. "మా పక్క నేలలో నీళ్ళే లేవు తల్లీ, మాకు తెలుసు. దాహముతో పోయినోడు ఇంట్లో ఉంటే, ఆ ఇంటోళ్ళు దోవలో కుండ పెడతారు. ఏడాదంతా పెడతారు. ఎవురు తాగినా సరే. తాగేవోని గొంతులో వాడు తాగుతాడు. నా తమ్ముడికి మేము పెట్టినాము." లేచి, తన సీసాలోంచి మిషను పక్కనున్న గ్లాసులోకి కొంచెం నీళ్ళు వంచింది. అంత దూరం బస్సులో తెచ్చుకున్న నీళ్ళు. "ఈ పూటకు ఇది. రేపటినుంచి మీరు సూసుకోండి. మీ మామకు సెప్పు, చెంబు ముందర పెట్టుకొని సూస్తా కూచుంటే వాని దాహము తీరదని."

అర్జీ కాగితం మడిచి రొంటిన దోపుకుని, వచ్చిన బస్సే ఎక్కడానికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆ సాయంకాలం జోతిలక్ష్మి వసారాలో మామ ఎదురుగా కూర్చుని, ముసలామె అన్నదంతా చెప్పింది. ఆయన గోడ వైపే చూశాడు. విన్నాడో లేదో కూడా తెలియలేదు. వినకపోతే ఇక చెప్పేది లేదు, తల్లి అన్నట్టు కోవిల్‌పట్టికి పోయి పుల్లలు పేర్చుకోవడమే మంచిదేమో అని ఆమెకు మొదటిసారి అనిపించింది.

పొద్దున ఆమె వెళ్ళేసరికి షట్టరు ఎత్తి ఉంది. రంగనాథన్ ఎత్తి ఉంటాడనుకుంది. అరుగు మీది బల్లపై కొత్త మట్టికుండ ఉంది, కింద ఇసుక పోసి, మూతికి తెల్లగుడ్డ కట్టి. పక్కన తోమిన గ్లాసు. తిరుపతిసామి బల్ల చివర, అంగడికి వీపు పెట్టి కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. చొక్కా ముందంతా నీళ్ళతో తడిసి ఉంది. ఆ కుండను పంపు దగ్గరినుంచి ఎన్నిచోట్ల ఆగి తెచ్చాడో.

జోతిలక్ష్మి లోపలికి వెళ్ళి తులసి పెట్టింది. బొత్తాం నొక్కింది.

కాపలాది లేచింది. కొంచెం ఆగింది. ఇంటర్నెట్ లేచింది. ఆగింది. ముసలాయన వెనక్కు తిరగలేదు గాని, మిల్లులో మోటారు మోత వినేవాడిలా తల ఒక పక్కకు వంచి ఉంచాడు. ప్రింటరు లేచి కుదురుకుంది. పాట లేచింది.

"రండి సామీ, రండి. మిషను లేసింది, మనమూ లేద్దాము." దగ్గు. "జోతీ, కొంచెము నీళ్ళు తే."

తిరుపతిసామి లేచాడు. కుండ మూతి గుడ్డ విప్పి గ్లాసు ముంచాడు. వీధిలో అప్పటికి ఎవరూ లేరు, మిల్లుకు పోతున్న మూటల కూలీ ఒకడు తప్ప. ఆయన అరుగు దిగి అతనికి అడ్డంగా వెళ్ళి గ్లాసు చాచాడు. అంచుదాకా ఉన్న నీళ్ళు కూలీ పాదాల మీద ఒలికాయి.

"నేను అడగలేదే తాతా. ఇప్పుడే టీ తాగి వస్తున్నా" అన్నాడు అతను తమిళంలో.

"తాగు సామీ" అన్నాడు ముసలాయన తెలుగులో.

ఆ భాష అతనికి రాదు. కాని ఆ ముఖంలోకి ఒకసారి చూసి, తలమీది గోనెపట్టా తీసి చంకన పెట్టుకుని, గ్లాసు అందుకున్నాడు. దాహం లేకపోయినా ఆగకుండా ఎత్తి తాగాడు. తిరుపతిసామి అతని ముఖం చూడలేదు. గుటక గుటకకూ కదులుతున్న అతని గొంతునే, అది కదలడం ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు.